స్టాక్ క్లాస్ ట్రాక్టర్ పుల్లింగ్‌లో మార్చిన ఇంజన్‌ను పట్టుకోవడం ఎలా?

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఎండాకాలం వచ్చిందంటే కౌంటీ ఫెయిర్లలో పాత ట్రాక్టర్లతో స్లెడ్ (బరువు మోసే బండి) లాగే పోటీలు మొదలవుతాయి. స్లెడ్ కదిలేకొద్దీ దాని మీది బరువు పెట్టె ముందుకు, అంటే ట్రాక్టర్ వైపుకు జరుగుతూ వస్తుంది. లాగడం అంతకంతకూ కష్టమవుతుంది. ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. స్టాక్ క్లాస్‌లో మాత్రం ట్రాక్టర్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. బరువు కాటా మీద తేలిపోతుంది, టైరు సైజు కంటికి కనిపిస్తుంది. చిక్కంతా ఇంజన్‌తోనే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రాక్టర్ ఫార్మాల్ ఎం బానెట్ కింద అదే కుటుంబంలో తర్వాత వచ్చిన 450 మోడల్ ఇంజన్ కూర్చున్నా బయటికి దాదాపు తేడా తెలియదు. లోపల సిలిండర్ల పరిమాణం మాత్రం 33 క్యూబిక్ ఇంచులు ఎక్కువ.

మీరు తనిఖీ బృందంలో ఉన్నా, పోటీ కోసం పాత ట్రాక్టర్ కొనబోతున్నా చూడాల్సిన వరస ఇదే. కొనేవాళ్లు ఇంజన్ భాగాలు విప్పలేరు కాబట్టి మొదటి మూడు మెట్లతో ఆగిపోతారు, అంతే తేడా.

ముందు రూలు చదవండి

ఇంజన్ మార్చడం వేరు, ఇంజన్ పెంచడం వేరు. ఈ రెంటినీ కలిపి చూస్తే నిజాయితీగా ఉన్నవాణ్ణి దొంగను చేస్తారు. ఎం ఇంజన్ అసలు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 3.875 అంగుళాలు. ఓవర్‌హాల్‌కి వచ్చిన ఎం ఇంజన్లలో 4 అంగుళాల స్లీవ్ (సిలిండర్‌లో దూర్చే గొట్టం), పిస్టన్ సెట్టు వేయడం దశాబ్దాలుగా ఉన్న అలవాటు. ఇల్లినాయిస్‌లోని ఎం అండ్ డబ్ల్యూ కంపెనీ ఇలాంటి సెట్లు రైతులకు అమ్మింది. అలా చేసిన ఎం లోపల సరిగ్గా తర్వాతి మోడల్ సూపర్ ఎం కొలతకు వస్తుంది, బ్లాకు మాత్రం పుట్టినప్పటిదే. మీ క్లబ్బు రూలు బోరులో 0.125 అంగుళం పెంపును ఒప్పుకుంటే అది తప్పు కాదు. ఒప్పుకోకపోతే, ఇంజన్ మార్చకపోయినా తప్పే. రూల్ బుక్కులో రెండు వాక్యాల కింద గీత గీసుకోండి: ఒకటి బోరు, స్ట్రోకు (పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరం) గురించినది, రెండోది బ్లాకు ఏ మోడల్‌ది కావాలో చెప్పేది. కొన్ని క్లబ్బులు ఒకే కుటుంబంలోని బ్లాకులను ఒకదాని బదులు ఒకటి వాడనిస్తాయి, కొన్ని వాడనివ్వవు. ఇది తేలకుండా పానా పట్టుకోవద్దు.

సామాను

వైర్ బ్రష్, సన్నటి వెలుగున్న టార్చి, సుద్దముక్క, చిన్న అద్దం, ఫోటోకి ఫోన్. కొలవడానికి డయల్ బోర్ గేజి (3 నుంచి 6 అంగుళాల వరకు అందేది), డెప్త్ గేజి, డయల్ ఇండికేటర్. క్లబ్బుకి స్తోమత ఉంటే పి అండ్ జి అని పిలిచే పంపు గేజి. ఇవి కాక, ఆ రోజు వచ్చే మోడళ్ల బోరు, స్ట్రోకు, తయారైన సంవత్సరాలు రాసిన కాగితం ఒకటి. నెబ్రాస్కాలోని లింకన్‌లో 1920 నుంచి ట్రాక్టర్లను పరీక్షిస్తున్న ల్యాబ్ ఉంది. దాని రిపోర్టుల్లో బోరు, స్ట్రోకు, రేటెడ్ ఆర్‌పీఎం ఉంటాయి. వాదన వచ్చినప్పుడు ఆ కాగితం ముందు ఎవరి మాటా చెల్లదు.

1. నంబర్లు

అన్నిటికన్నా తేలిక పని ఇదే, అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం కూడా ఇదే.

ఫార్మాల్ ఎం, హెచ్ ట్రాక్టర్లకు ఛాసిస్ నంబరు క్లచ్ హౌసింగ్ ఎడమ పక్కన ప్లేటు మీద ఉంటుంది. ఎం అయితే ఎఫ్‌బీకే, హెచ్ అయితే ఎఫ్‌బీహెచ్ అని మొదలవుతుంది. ఇంజన్ నంబరు బ్లాకు మీదే చదునైన ప్యాడ్ మీద గుద్ది ఉంటుంది, ముందు అక్షరాల చివర ఇంకో ఎం అక్షరం చేరుతుంది: ఎఫ్‌బీకేఎం, ఎఫ్‌బీహెచ్‌ఎం. రెండు నంబర్లూ ఒకటే కానక్కర్లేదు. తేడా ఉందని తప్పు పట్టొద్దు. తర్వాత వచ్చిన 300, 350 మోడళ్లలో ఇంజన్ నంబరుకు ముందు సి169, సి175 అని ఇంజన్ సైజే ఉంటుంది. హెచ్ ట్రాక్టర్‌లో బ్లాకు మీద సి175 కనిపిస్తే ఇక వెతకాల్సింది పెద్దగా లేదు.

ఫోర్డ్ 8ఎన్ సంగతి వేరే. దాని సీరియల్ నంబరు ఇంజన్ బ్లాకు ఎడమ పక్కనే ఉంటుంది. బ్లాకు పోతే ట్రాక్టర్ నంబరు కూడా దానితోనే పోయినట్టు. 1953లో ఎన్‌ఏఏ వచ్చినప్పటి నుంచి నంబరును ట్రాన్స్‌మిషన్ హౌసింగ్ మీదికి మార్చారు. అందుకని 600, 800 సీరీస్‌లలో నంబరు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఇంజన్ గురించి ఏమీ తేలదు.

ప్యాడ్‌ను వైర్ బ్రష్‌తో మెల్లగా తుడిచి, టార్చిని పక్కవాటుగా పెట్టండి. ఫ్యాక్టరీ మిషన్ గీతలు ప్యాడ్ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే దిక్కున సాగాలి. అంకెల దగ్గర గీతలు చెరిగి నున్నగా మెరుస్తుంటే, లేదా మధ్యలో చిన్న గుంటలా తగులుతుంటే, అక్కడ గ్రైండర్ తిరిగింది. సుద్ద రాసి తుడిస్తే లోతు తక్కువ అంకెలు బయటపడతాయి. ఇక అసలు నంబరే లేదంటారా, దాన్నే నేరం అనుకోవద్దు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలడం అక్కడ మామూలు. విడిగా కొన్న సర్వీసు బ్లాకుల మీద చాలాసార్లు నంబరు ఉండదు.

2. పోత తేదీలు

నంబరు గుద్దడం సుత్తి పని. పోతలో వచ్చిన అక్షరాన్ని మార్చడం అంత తేలిక కాదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ (మన దగ్గర మహీంద్రా బి-275కు మూలమైన కంపెనీ ఇదే) తన పెద్ద పోతలన్నిటి మీదా నెల, తేదీ అంకెల్లోనూ, సంవత్సరాన్ని ఒక అక్షరంగానూ వేసేది. ఆ అక్షరాల చార్టు ముందే ప్రింటు తీసి పెట్టుకోండి, గుర్తుపెట్టుకున్నామని నమ్మొద్దు.

బ్లాకు ఒక్కదాని తేదీ చూస్తే సగం పనే. నాలుగు చోట్ల చూడండి: బ్లాకు, హెడ్డు, క్లచ్ హౌసింగ్, వెనక ట్రాన్స్‌మిషన్ కేసు. ఒకే ట్రాక్టర్‌గా పుట్టిన పోతలు కొన్ని వారాల తేడాలో ఉంటాయి, ఫ్యాక్టరీలో పోతలు ఎక్కువ కాలం నిలవ ఉండేవి కావు. క్లచ్ హౌసింగ్, వెనక కేసు 1948 వసంతకాలంలో పోసినవై, బ్లాకు 1955ది అయితే ఆ బ్లాకు వేరే ట్రాక్టర్‌ది. ఎం తయారీ 1939 నుంచి 1952 వరకే. సూపర్ ఎం 1954 వరకు, 400 మోడల్ 1956 వరకు, 450 మోడల్ 1958 వరకు. తేదీని బట్టి ఆ బ్లాకు ఏ మోడల్ కింద తయారైందో దాదాపు చెప్పేయొచ్చు.

హెడ్డు తేదీ ఒక్కటే తేడాగా ఉంటే పెద్దగా పట్టించుకోవద్దు. పగిలిన హెడ్లు మార్చని పాత ట్రాక్టర్ అరుదు.

తేదీ ఉండాల్సిన చోట పుట్టీ పెట్టి రంగు కొట్టినట్టుంటే గోటితో గీకి చూడండి. ట్రాక్టర్ అంతా పాత రంగులో ఉండి ఒక్క బ్లాకు పక్క మాత్రం మెరుస్తుంటే అక్కడే మొదలుపెట్టండి.

3. పైపైన చూపు

ఆరు సిలిండర్ల ఇంజన్ దూర్చినవాళ్లను పట్టుకోవడానికి గైడు అక్కర్లేదు, ప్లగ్గులు లెక్కపెడితే చాలు. నాలుగు సిలిండర్ల చోట నాలుగు సిలిండర్లే పెట్టినప్పుడు జోడింపుల దగ్గర చూడాలి. 400, 450 ఇంజన్లకు హైడ్రాలిక్ పంపు ఇంజన్ మీదే ఉంటుంది. ఎం ట్రాక్టర్‌లో అలాంటి పంపు ఉండదు. కాబట్టి ఎం ఇంజన్ మీద పంపు చోట బోల్టులతో బిగించిన ఖాళీ ప్లేటు కనిపిస్తే ఎందుకని అడగండి. మానిఫోల్డు, గవర్నర్ కడ్డీ, రేడియేటర్ గొట్టాలు వంకరపెట్టి కలిపినట్టున్నా అడగండి. ఈ మెట్టు అనుమానం పుట్టించడానికే, దీని మీద తీర్పు ఇవ్వకండి.

4. ఏది కొలవాలో తేల్చుకోండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. స్ట్రోకు కొలిచి ‘బాగానే ఉంది’ అని పంపేస్తారు. ఆ కుటుంబంలో స్ట్రోకు అన్ని మోడళ్లకూ ఒకటేనని చూసుకోరు. ముందు ఈ లెక్కలు చూడండి, కొలతలన్నీ అంగుళాల్లో:

ఫార్మాల్ ఎం: బోరు 3.875, స్ట్రోకు 5.25, మొత్తం 248 క్యూబిక్ ఇంచులు. సూపర్ ఎం, 400: బోరు 4, స్ట్రోకు అదే, 264. 450: బోరు 4.125, స్ట్రోకు అదే, 281.

ఫార్మాల్ హెచ్: బోరు 3.375, స్ట్రోకు 4.25, మొత్తం 152. సూపర్ హెచ్: బోరు 3.5, మొత్తం 164. 300: బోరు 3.5625, మొత్తం 169. 350: బోరు 3.625, మొత్తం 175. స్ట్రోకు నాలుగింటికీ ఒకటే.

ఫోర్డ్ 600: బోరు 3.4375, స్ట్రోకు 3.6, మొత్తం 134. ఫోర్డ్ 800: బోరు 3.9, స్ట్రోకు అదే, 172.

ఆలివర్ 77 (ఆరు సిలిండర్లు): బోరు 3.3125, స్ట్రోకు 3.75, మొత్తం 194. సూపర్ 77: బోరు 3.5, మొత్తం 216.

అలిస్ చామర్స్ డబ్ల్యూడి: బోరు 4, స్ట్రోకు 4, మొత్తం 201. డబ్ల్యూడి45: బోరు 4, స్ట్రోకు 4.5, మొత్తం 226.

చివరి దాన్ని మళ్లీ చూడండి. మిగతావాటిలో బోరు మారింది, అలిస్‌లో స్ట్రోకు మారింది. ఫార్మాల్‌ను స్ట్రోకుతో, అలిస్‌ను బోరుతో కొలిస్తే ఎంత మారినా మీకు చిక్కదు. అలిస్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇంజన్ మొత్తం మార్చకుండా డబ్ల్యూడి బ్లాకులోకే డబ్ల్యూడి45 క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే షాఫ్టు) దించుతారు. బ్లాకు, నంబరు, పోత తేదీ అన్నీ చక్కగా ఉంటాయి, అర అంగుళం స్ట్రోకు మాత్రం ఎక్కువ ఉంటుంది. అలిస్ దగ్గర నంబర్ల మీద ఎక్కువ సేపు గడపొద్దని అనడం అందుకే.

5. హెడ్డు విప్పకుండా: పంపు గేజి

ప్లగ్గు రంధ్రానికి గొట్టం బిగించి సెల్ఫ్ తిప్పితే, పిస్టన్ ఎంత గాలి తోస్తోందో గీతల గొట్టంలో చూపే సాధనం ఇది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చేయండి, రింగులు బాగా పట్టి ఉంటాయి.

అన్ని ప్లగ్గులూ తీసేయండి, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ఇగ్నిషన్ కట్ చేయండి. కొలిచే సిలిండర్ రాకర్ స్క్రూలు వదులు చేసి పుష్‌రాడ్లు తప్పించండి, రెండు వాల్వులూ మూసుకునే ఉండాలి. ఈ పని మరిస్తే గాలి వాల్వు గుండా పోయి రీడింగు అర్థం లేకుండా వస్తుంది. గేజి బిగించి, రీడింగు ఒక చోట నిలిచేదాకా సెల్ఫ్ తిప్పి చదవండి. ఎం అయితే ఒక సిలిండర్‌కు 62 క్యూబిక్ ఇంచులు రావాలి. సూపర్ ఎం కొలత అయితే 66, 450 అయితే 70. డబ్ల్యూడి 50, డబ్ల్యూడి45 అయితే 56.5.

కనీసం రెండు సిలిండర్లు చూడండి, ఏవి చూడాలో మీరే ఎంచుకోండి, ఓనర్‌ను ఎంచుకోనివ్వకండి. లీకు ఎప్పుడూ రీడింగును తగ్గిస్తుందే తప్ప పెంచదు. కాబట్టి ఎక్కువ వచ్చిందంటే నమ్మొచ్చు. సరిగ్గా వచ్చిందంటే మాత్రం, అరిగిన రింగులు ఉన్న పెద్ద ఇంజన్ కూడా అలా చూపించగలదు. ముందు కంప్రెషన్ చూసి, సిలిండర్లన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయని తేలాకే పాస్ చేయండి.

ఫోర్డ్ 8ఎన్ లాంటి ఫ్లాట్‌హెడ్ ఇంజన్‌కు ఈ గేజి పనికిరాదు. వాల్వులు బ్లాకులో ఉంటాయి, వదులు చేయడానికి పైన రాకర్లే లేవు. అయితే వాల్వు సామాను లేని హెడ్డు కాబట్టి విప్పడం తేలిక. దాన్ని నేరుగా ఆరో మెట్టుకు తీసుకెళ్లండి.

గేజి లేనివాళ్లు ప్లగ్గు రంధ్రంలోంచి కడ్డీ దించి స్ట్రోకు కొలుస్తుంటారు. రంధ్రం నిటారుగా ఉంటే పరవాలేదు. 20 డిగ్రీలు వాలి ఉంటే కడ్డీ అసలు కన్నా ఎక్కువ దూరం కదులుతుంది: 4 అంగుళాల స్ట్రోకు 4.26 అని చూపిస్తుంది. డబ్ల్యూడికి, డబ్ల్యూడి45కి తేడా అర అంగుళమే కాబట్టి, కొలిచే పద్ధతిలోనే అందులో సగం పోయింది. ఆ కొలతతో ఎవరినీ బయటికి పంపొద్దు.

6. హెడ్డు విప్పాక

ఇది ప్రొటెస్టు (తోటి పోటీదారు ఫిర్యాదు) వచ్చినప్పుడో, పంపు గేజి ఎక్కువ చూపినప్పుడో చేసే పని. కొత్త హెడ్ గ్యాస్కెట్ ఖర్చు ఎవరిదో విప్పకముందే కాగితం మీద తేల్చుకోండి. విప్పేది ఓనరే, మీరు చూస్తూ నిలబడండి.

బోరును మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో కొలవండి. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ, అక్కడి అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. రింగు చేరని అంచు మీదో, బోరు అడుగునో వచ్చేదే స్లీవ్ అసలు కొలత. అరుగుదల 0.010 అంగుళం ఉంటే ఎం మీద 1.3 క్యూబిక్ ఇంచులే పెరుగుతుంది. 264 చేరాలంటే సూతు అంత, అంటే 0.125 తేడా కావాలి. ఈ రెంటినీ ఎవరూ పొరబడరు.

స్ట్రోకుకు, పిస్టన్‌ను పైకి తెచ్చి డయల్ ఇండికేటర్‌తో పై చివర పట్టుకోండి, బ్లాకు పై తలం నుంచి లోతు రాసుకోండి. కిందికి దించి మళ్లీ లోతు తీయండి, రెండోదాని నుంచి మొదటిది తీసేయండి. గేజి మొన గడ్జన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను) వరసలో, పిస్టన్ నడిమధ్యన పెట్టండి. అంచున పెడితే పిస్టన్ ఊగి కొలత తప్పుతుంది. పిస్టన్ తల ఉబ్బెత్తుగా ఉంటే రెండుసార్లూ అదే చోట తాకాలి.

లెక్క: 0.7854 × బోరు × బోరు × స్ట్రోకు × సిలిండర్లు. ఓనర్ పక్కన ఉండగానే వేయండి, క్యాలిక్యులేటర్ ఆయన చేతికే ఇస్తే ఇంకా మంచిది.

జాన్ డీర్ రెండు సిలిండర్లవి

ఈ ట్రాక్టర్లలో ‘ఇంజన్ మార్చడం’ అనే మాటే సరిగ్గా అతకదు. క్రాంక్‌కేసే ట్రాక్టర్ శరీరం, ఇంజన్‌కు వేరే నంబరు లేదు. మార్చేది ముందు బిగించే సిలిండర్ బ్లాకు, పిస్టన్లు, లేదా క్రాంకు. మోడల్ ఏ మొదట్లో 5.5 బోరు, 6.5 స్ట్రోకుతో వచ్చింది, తర్వాత స్ట్రోకు 6.75 చేశారు. కాబట్టి తొలి సంవత్సరాల ఏ ట్రాక్టర్‌లో స్ట్రోకు చూడాలి. మోడల్ బి బోరు, స్ట్రోకు కాలంతో పాటు మారుతూ వచ్చాయి: 4.25 బోరు, 5.25 స్ట్రోకు నుంచి 1947లో 4.6875 బోరు, 5.5 స్ట్రోకు దాకా. ‘బి కదా’ అని ఒకే అంకెతో పోల్చకండి, ఆ సీరియల్ నంబరు ఏ ఏడాదిదో చూసి దాని అంకెతో పోల్చండి.

పీటీవో (ట్రాక్టర్ వెనక వేరే యంత్రాలను తిప్పే షాఫ్టు) దగ్గర శక్తి కొలిచే డైనమోమీటర్ మాట కూడా చెప్పాలి. అది అనుమానానికి పనికొస్తుంది, తీర్పుకు కాదు. నెబ్రాస్కా పరీక్షలో డబ్ల్యూడి సుమారు 35 హార్స్‌పవర్, డబ్ల్యూడి45 సుమారు 43. కానీ గవర్నర్ స్ప్రింగు బిగించి ఆర్‌పీఎం పెంచితే చిన్న ఇంజన్ కూడా మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. క్రాంకు పుల్లీ మీద రిఫ్లెక్టర్ టేపు అంటించి టాకోమీటర్‌తో చూడండి. ఎం అయితే 1450, హెచ్ అయితే 1650 రేటెడ్.

తేలాక రాసుకోవాల్సినవి

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, నాలుగు పోత తేదీలు, కొలిచిన సిలిండర్లు, ప్రతి కొలతా, ఎవరు కొలిచారు, ఎవరు చూశారు. ఫోటోల్లో స్కేలు పక్కన పెట్టండి. పాస్ చేసిన ఇంజన్‌కు రెండు హెడ్ బోల్టుల గుండా తీగ వేసి సీసం సీలు కొట్టి, సీలు నంబరు కూడా రాయండి. వచ్చే పోటీకి సీలు తెగకుండా ఉంటే ఇదంతా మళ్లీ చేయక్కర్లేదు.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ‘ఇంజన్ మార్చారు’ అనకండి. ‘బ్లాకు తేదీ ట్రాక్టర్ కన్నా ఏడేళ్లు కొత్తది, బోరు 4.125’ అని అంకెలు చెప్పండి. చాలామందికి ఆ ట్రాక్టర్ మూడో చేయో, నాలుగో చేయో అయ్యుంటుంది. ఎప్పుడో ఒక రైతు పగిలిన బ్లాకు తీసి పాత సామాన్ల దుకాణంలో దొరికింది పెట్టుకుని దున్నుకున్నాడు. ఇప్పటి ఓనర్‌కు నిజంగా తెలియకపోవచ్చు. పెద్ద ఇంజన్లను ఒప్పుకునే పై క్లాసు మీ పోటీలో ఉంటే, ఆ రోజు అందులో దించమని అడగండి. ఫలితం మాత్రం స్టాక్ క్లాస్ పట్టీలోంచి కొట్టేయండి.